రాష్ట్రపతి అభ్యర్థి ఎవరో ముందే పసిగట్టడం ఎలా: పర్లాకిమిడి కౌంటర్ లెక్క

2027 జూలైతో ద్రౌపది ముర్ము గారి పదవీకాలం పూర్తవుతుంది. ఆ ఏడాది వేసవికల్లా టీవీల్లో పేర్లు మొదలవుతాయి. ఫలానా గవర్నరట, ఫలానా మాజీ జడ్జీట. మా మందుల షాపులో బీపీ మాత్రలు కొనుక్కునేవాళ్ళు కూడా చిల్లర అందుకునేలోపు ఒక పేరు చెప్పేసి పోతారు. వాటిలో చాలా పేర్లను కాసేపు లెక్క కట్టి మనమే కొట్టిపారేయొచ్చు. దానికి బిల్లు బుక్కు వెనక అట్ట, ఒక కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు జనంలో ఎవరికెంత పేరుందన్న సంగతి మరిచిపోండి. అమెరికాలో అయితే అభ్యర్థి ఎవరో పార్టీ ఓటర్లే రాష్ట్రాల వారీగా తేలుస్తారు. 2020లో బైడెన్ అయోవాలో, న్యూహాంప్‌షైర్‌లో దెబ్బతిని కూడా సౌత్ కరోలినాలో గెలిచి నిలబడ్డాడు. ట్రంప్‌ను ఓడించగలిగేది ఈయనేనన్న నమ్మకం ఆయనకు బాగా కలిసొచ్చింది. మన దగ్గర ఆ తతంగం లేదు. ఇక్కడ ఓటేసేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే. నామినేటెడ్ సభ్యులకీ, శాసనమండలి వాళ్ళకీ ఓటు లేదు. ఓటర్లు ఎవరో పేరుపేరునా తెలుసు కాబట్టి, పార్టీ పెద్దలు వేసుకునే ప్రశ్న ఒకటే: మనకు తక్కువైన ఓట్లు ఎవరి దగ్గరున్నాయి, వాళ్ళు ఏ పేరు చెబితే కాదనలేరు?

కాబట్టి మొదట తక్కువ ఎంతో చూడాలి. రాష్ట్రంలో 1971 జనాభాను అసెంబ్లీ సీట్లతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఒక ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. ఒడిశాలోని మా పర్లాకిమిడి ఎమ్మెల్యే ఓటు 149. మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రలోని పాతపట్నం ఎమ్మెల్యేది 159. ఇది చెప్పినప్పుడు అటునుంచి వచ్చే ఒక పెద్దాయన నమ్మలేదు. "అదేటి బాబూ, ఏరు దాటేసరికి ఓటు పది పెరిగిపోనాదా?" అన్నాడు. పెరిగింది మరి. అక్కడ ఒక్కో ఎమ్మెల్యే వాటాకి వచ్చిన జనం ఎక్కువ. అటు గడ్చిరోలి వైపు మహారాష్ట్ర ఎమ్మెల్యేది 175, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎమ్మెల్యేల విలువంతా కలిపి ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఒక ఎంపీ విలువ. 2022లో జమ్మూ కశ్మీర్ అసెంబ్లీ లేకపోవడంతో అది 700కి తగ్గింది, అంతకుముందు 708. మొత్తం 10,86,431. అప్పటికి ఎన్డీయే సగానికి కొంచెం ఇవతలే ఆగిపోయింది.

ఇక రెండో గడిలో ఏ కూటమిలోనూ లేని పార్టీల విలువ రాయండి. 2022లో నవీన్ పట్నాయక్ పార్టీ బీజేడీ ఒక్కదానిదే 31 వేలు దాటింది. వైఎస్సార్‌సీపీది అంతకన్నా ఎక్కువ. ఈ రెండిట్లో ఒక్కటి వచ్చినా ఎన్డీయేకి ఒడ్డు దొరికేస్తుంది. టీవీ వాళ్ళు పేర్ల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మీరు చూడాల్సింది ఈ గడినే.

ఆ తర్వాత ఆ పార్టీ పాత మాటలు తవ్వి తీయండి. ఈ పనిలోనే అసలు రుచంతా ఉంది, దీనికి కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వండి. 2012లో ప్రణబ్ ముఖర్జీకి పోటీగా పి.ఎ. సంగ్మా పేరు ముందుకు తెచ్చింది ఎవరు? నవీన్ పట్నాయక్, జయలలిత. ఆదివాసీ నాయకుడు రాష్ట్రపతి కావాలన్నది అప్పటి వాదన. సంగ్మా ఓడిపోయారు గానీ ఆ మాట రికార్డులో ఉండిపోయింది. పదేళ్ళ తర్వాత బీజేపీ ఒక సంతాల్ ఆదివాసీ మహిళ, ముర్ము గారి పేరు ప్రకటించింది. ఆమెది ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా. పైగా 2000లో నవీన్ ముఖ్యమంత్రి అయినప్పుడు, బీజేడీ బీజేపీ కలిసి ఉన్న రోజుల్లో, ఆయన మంత్రివర్గంలోనే పనిచేసిన మనిషి. ఇన్ని ముడులు పడ్డాక ఆయన కాదని ఎలా అంటారు? 2022 జూన్ 21న పేరు బయటికొస్తే, అప్పుడు ఇటలీలో ఉన్న నవీన్ అక్కడినుంచే ఒడిశా ఆడబిడ్డకు ఓటేయమని అన్ని పార్టీల ఎమ్మెల్యేలనూ కోరారు. కాంగ్రెస్‌తో కలిసి జార్ఖండ్‌లో ప్రభుత్వం నడుపుతున్న జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) కూడా ఆమెకే వేసింది. అంత తెలివిగా ఎంచుకున్న పేరు ఈమధ్య ఇంకొకటి నాకు కనపడలేదు. చివరికి ఆమెకు 6,76,803, ప్రతిపక్ష అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు 3,80,177.

అయితే "మన రాష్ట్రం బిడ్డ" అన్న మాట ప్రతిసారీ పనిచేయదు. 2007లో పనిచేసింది: శివసేన ఎన్డీయేలో ఉండి కూడా మహారాష్ట్ర మనిషని ప్రతిభా పాటిల్‌కు వేసింది. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు ప్రతిపక్షం తెలంగాణకు చెందిన జస్టిస్ సుదర్శన్ రెడ్డిని నిలబెడితే మా కౌంటర్ దగ్గర తెగ సంబరపడ్డారు, ఇక తెలుగు పార్టీలు కదలక తప్పదని. టీడీపీ కేంద్ర ప్రభుత్వంలో ఉంది, అది కదలలేదు. వైఎస్సార్‌సీపీ కూడా ఎన్డీయేకే వేసింది. బీఆర్‌ఎస్, బీజేడీ అసలు ఓటింగ్‌కే రాలేదు. సి.పి. రాధాకృష్ణన్ 452, సుదర్శన్ రెడ్డి 300. ఆ పార్టీకి ఇటు రావాలని ముందే మనసులో ఉంటే, ఊరి పేరు చెప్పుకోవడానికి ఒక సాకు దొరుకుతుంది. మనసు లేనివాడిని ఊరి పేరుతో లాక్కురాలేరు.

సొంత ఇల్లు కూడా చూసుకోవాలి. ఈ ఎన్నికలో విప్, అంటే ఫలానా వాళ్ళకే వేయాలన్న పార్టీ ఆదేశం, ఉండదు, ఓటు రహస్యం. ఒడిశాలోనే 2022లో ఒక కాంగ్రెస్ ఎమ్మెల్యే తాను ముర్ముకు వేశానని బాహాటంగా చెప్పాడు. ఇంకా పెద్ద పాఠం 1969ది. అందులో నెగ్గింది మన బరంపురంలో పుట్టిన తెలుగాయన వి.వి. గిరి, ఓడింది ఇంకో తెలుగాయన నీలం సంజీవరెడ్డి. బెంగళూరులో కాంగ్రెస్ బోర్డు ఇందిరాగాంధీకి ఇష్టం లేకపోయినా సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. అంకెల్లో పార్టీకి ఢోకా లేదు. కానీ పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్య ఓట్ల కోసం (బ్యాలెట్‌లో అభ్యర్థులకు 1, 2 అని వరుస రాస్తారు) జనసంఘ్, స్వతంత్ర పార్టీల దగ్గరికి వెళ్ళడం ఇందిరకు మంచి అవకాశమైంది. ఆమె తన పార్టీవాళ్ళను ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు, అంటే స్వతంత్రంగా నిలబడ్డ గిరికి వేసుకోవచ్చని. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. మూడో స్థానంలో ఉన్న జనసంఘ్, స్వతంత్ర పార్టీల అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లు పంచాక రెడ్డి 4,05,427 దాకా ఎగబాకారు, గిరి 4,20,077తో గట్టెక్కారు. రెండో ప్రాధాన్యాలు రెడ్డి వైపే వచ్చాయని గమనించండి. ఆయన్ను ముంచింది బయటివాళ్ళు కాదు. కాబట్టి ఎవరైనా పేరు చెప్పగానే, ఆ పార్టీలో ఈ మనిషి అంటే గిట్టనివాళ్ళు ఎవరు, ఎంతమంది అని అడగండి.

ఓడిపోతామని తెలిసిన కూటమి లెక్క వేరు. 2022లో శరద్ పవార్, ఫరూఖ్ అబ్దుల్లా, గోపాలకృష్ణ గాంధీ ముగ్గురూ వద్దన్నారు. గెలవగలిగే స్థాయి ఉన్నవాళ్ళు ఓడే పందెంలో దిగరు. అప్పుడు వెతికేది ఇంట్లోవాళ్ళను చెదరనివ్వకుండా పట్టి ఉంచే మనిషిని. సిన్హా ఆ పని కూడా పూర్తిగా చేయలేకపోయారు.

పార్టీలు ఇంకో పద్దు కూడా రాసుకుంటాయి, రేపటి ఎన్నికలది. గజపతి, రాయగడ జిల్లాల్లో జనాభాలో సగానికి పైగా ఆదివాసీలే, కాబట్టి మా దగ్గర ఆ పద్దు కళ్ళకు కనిపిస్తుంది. 2024లో బీజేపీ 147లో 78 గెలిచి ఒక సంతాల్ నాయకుణ్ణే ముఖ్యమంత్రిని చేసింది. ఆ గెలుపు ముర్ము గారి వల్లేనని కొందరంటారు, నేను అంత దూరం వెళ్ళను. అప్పటికి నవీన్ 24 ఏళ్ళుగా కుర్చీలో ఉన్నారు కదా.

ఇదే లెక్క 2027కి వేస్తే మా ఒడిశా వాళ్ళకు కాస్త నిరాశే. 2024లో బీజేడీకి అసెంబ్లీలో వచ్చినవి 51, లోక్‌సభలో సున్నా. ఆ 51 మందివీ కలిపినా 7,599. అంటే దాన్ని లాగడానికి ఒక పేరు వెతకాల్సినంత అవసరం ఎవరికీ లేదు. అవతల ఒడ్డున టీడీపీ 135 సీట్లు గెలిచి ఎన్డీయేలోనే ఉంది. దానివి 21,465, ఎంపీలవి అదనం. అంటే అక్కడ దువ్వాల్సింది బయటివాళ్ళను కాదు, లోపలివాళ్ళనే. బిడ్డ మనవాడని చెప్పే పేర్ల కంటే, చంద్రబాబుకు అభ్యంతరం లేని పేర్ల మీద కన్నేయండి.

ఇంకా 2026లో బెంగాల్, తమిళనాడు, కేరళ, అస్సాం, 2027 మొదట్లో ఉత్తరప్రదేశ్ ఎన్నికలున్నాయి. యూపీలోనే 403 మంది, ఒక్కొక్కరు 208, మొత్తం 83,824. ఆ ఫలితం రాకముందు ఎవరు పేరు చెప్పినా మాత్రలిచ్చి, చిల్లర ఇచ్చి పంపేయండి.