కక్ష్యలో పాలిమర్లు విద్యుదావేశం పట్టుకున్నప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహంలో ఎవరూ పంపని ఆదేశం అందినట్టు ఏదో ఒక స్విచ్ స్థితి మారుతుంది, లేదా ఒక సర్క్యూట్ తనంతట తానే రీసెట్ అవుతుంది.

కారణాన్ని వెతికేటప్పుడు పరికరాన్ని అనుమానించే ముందు గడియారాన్ని చూడాలి. ఇటువంటి ఘటనలు ఉపగ్రహ స్థానిక కాలం ప్రకారం అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు గుమిగూడి ఉంటే, ముఖ్యంగా భూ అయస్కాంత అలజడి సమయంలో వస్తే, కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు ఉపరితలంపై ఆవేశాన్ని పేరుస్తున్నాయని, అది ఒక్కసారిగా విడుదలై (డిశ్చార్జ్) సర్క్యూట్‌లో తప్పుడు సంకేతం పుట్టిస్తోందని అనుమానించాలి. అలా కాక, అధికశక్తి ఎలక్ట్రాన్ల ప్రవాహం రోజుల తరబడి ఎక్కువగా ఉన్న తరువాత, స్థానిక కాలంతో సంబంధం లేకుండా సమస్య తలెత్తితే, ఆవేశం వైర్ల తొడుగుల్లో, కనెక్టర్లలో, సర్క్యూట్ బోర్డుల్లో లోతుగా చిక్కుకుని ఉండవచ్చు. 1994 జనవరిలో కెనడా ఉపగ్రహాలు అనిక్ ఈ1, ఈ2ల మొమెంటమ్ వీల్ (ఉపగ్రహ దిశను స్థిరంగా ఉంచే తిరిగే చక్రం) నియంత్రణ కొద్ది గంటల తేడాతో దెబ్బతినడం ఈ రెండో కోవకే చెందుతుంది. ఎలక్ట్రాన్లతో ఏ పొంతనా లేకుండా ప్రోటాన్ల తీవ్రతను అనుసరించే లోపాలు వేరే జాతివి; వాటికి ఈ చికిత్స పనికిరాదు.

ఉపరితల సమస్యకు పరిష్కారం సాపేక్షంగా సులభం. బయటి కాప్టాన్, టెఫ్లాన్ అనే పాలిమర్ పొరలపై ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి వాహక పూత వేయాలి, లేదా కార్బన్ కలిపిన నల్ల కాప్టాన్ వాడాలి. ఆ పూతను, ఉష్ణ దుప్పటిలోని ప్రతి లోహపు పొరను ఉపగ్రహ చట్రానికి గ్రౌండ్ చేయాలి. గ్రౌండ్ లేని పూత సమస్యను తగ్గించకపోగా పెంచుతుంది.

లోతైన ఆవేశం విషయంలో మొదట ఎలక్ట్రాన్లను ఆపే కవచాన్ని చూడాలి: దాని వెనుకకు 10 గంటల్లో చదరపు సెంటీమీటరుకు 1000 కోట్ల ఎలక్ట్రాన్లకు మించి చేరకూడదన్నది నాసా మార్గదర్శకాల్లోని ప్రసిద్ధ హద్దు. దాదాపు 3 మిల్లీమీటర్ల అల్యూమినియం భూస్థిర కక్ష్యలో చాలావరకు రక్షణనిస్తుంది. వాడని పిన్నులు, గ్రౌండ్ లేని చిన్న లోహపు కవచాలు తరచు నిర్లక్ష్యానికి గురవుతాయి. వాటిని రెసిస్టర్ ద్వారానైనా గ్రౌండ్‌కు కలపాలి, సున్నితమైన ఇన్‌పుట్‌లకు ఫిల్టర్లు పెట్టాలి.

సమస్య: లెక్క ప్రకారం ఆవేశం త్వరగా తరిగిపోవాలి, కానీ కక్ష్యలో డిశ్చార్జ్‌లు ఆగడం లేదు.

ఇక్కడ తప్పు సాధారణంగా పదార్థాల పట్టిక నుంచి తీసుకున్న విశిష్ట నిరోధంలో (పదార్థం విద్యుత్తును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే విలువ) ఉంటుంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ పెట్టి ఒక నిమిషం తరువాత విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే ప్రామాణిక పద్ధతిలో, పాలిమర్‌లోని ధ్రువణ ప్రవాహం (అణువుల్లోని ఆవేశాలు సర్దుకోవడం వల్ల వచ్చే తాత్కాలిక ప్రవాహం) కూడా కలిసిపోయి నిరోధం అసలు కన్నా చాలా తక్కువగా కనిపిస్తుంది. తేడా పదిరెట్ల నుంచి వేలరెట్ల దాకా ఉండవచ్చు. సాపేక్ష పర్మిటివిటీ (శూన్యంతో పోలిస్తే విద్యుత్ క్షేత్రంలో ధ్రువణం చెందే గుణం) 3 ఉన్న పాలిమర్‌కు 10¹⁴ ఓమ్-మీటర్ల వద్ద ఆవేశ క్షయకాలం సుమారు 45 నిమిషాలు. 10¹⁶ వద్ద అది మూడు రోజులు దాటుతుంది. కనుక శూన్యంలో ఆవేశాన్ని నిక్షేపించి, ఉపరితల వోల్టేజీ ఎలా తగ్గుతోందో రోజుల తరబడి గమనించే కొలతనే నమ్మాలి. పదార్థం కక్ష్యలో చేరుకునే అత్యల్ప ఉష్ణోగ్రత వద్ద కూడా ఈ కొలత తీయాలి, ఎందుకంటే చల్లబడిన పాలిమర్‌లో వాహకత బాగా పడిపోతుంది.

దీనికి విరుద్ధంగా లెక్కలోని విద్యుత్ క్షేత్రం నమ్మశక్యం కానంత ఎక్కువగా వస్తే, వికిరణ ప్రేరిత వాహకతను, అంటే వికిరణం తాకడం వల్ల పాలిమర్‌లో పెరిగే వాహకతను, వదిలేశారేమో చూడాలి. ఇది వికిరణ మోతాదు రేటును ఒక ఘాతానికి పెంచినట్టుగా పెరుగుతుంది. ఘాతాంకం చాలా పాలిమర్లలో 0.5 నుంచి 1 మధ్య ఉంటుంది. ఈ విలువను అదే పదార్థం నుంచి కొలిచి తీసుకోవాలి, వేరే పాలిమర్ నుంచి అరువు తెచ్చుకోకూడదు.