లారీ కేబిన్ బ్లోయర్ వైరింగ్ – 4వ పాఠం: ఎర్త్ దగ్గర పోయే వోల్టులు

గత పాఠంలో ఫ్యూజ్, రిలే దాకా చూశాం. ఆ రెండూ బాగానే ఉన్నా ఒక్కోసారి బ్లోయర్ (కేబిన్‌లోకి గాలి తోసే ఫ్యాన్) నుంచి గాలి రాదు, లేదా నీరసంగా వస్తుంది. అప్పుడేం చేయాలో చూద్దాం.

ముందు స్పీడు స్విచ్‌ను ఒక్కో నంబరు మీద పెట్టండి. రెసిస్టెన్స్ (తక్కువ నంబర్లలో కరెంటును తగ్గించే భాగం) ఉన్న బండిలో బ్లోయర్ చివరి నంబరు మీద మాత్రమే తిరుగుతుంటే, కాలింది దాదాపు ఎప్పుడూ రెసిస్టెన్సే. ఫుల్ స్పీడులో కరెంటు దాని జోలికి పోకుండా నేరుగా మోటారుకు వెళ్తుంది. కొత్తది బిగించే ముందు స్విచ్ ఆపి మోటారును చేత్తో తిప్పి చూడండి. బిగుసుకున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి కొత్త రెసిస్టెన్స్‌నూ కాల్చేస్తుంది.

అన్ని నంబర్లలోనూ నీరసంగా ఉంటే నా అనుమానం మొదట ఎర్త్ మీదకే, అంటే మోటారు నుంచి కరెంటు చాసిస్ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి మీదకే పోతుంది. విశాఖ పోర్టు దగ్గర లోడు కోసం ఆగే లారీలకు ఉప్పుగాలి తప్పదు. లగ్గు (వైరు చివర బోల్టుతో బిగించే రింగు) కింద తుప్పు, కప్లర్‌లో (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులో) పచ్చటి చిలుము పేరుకుంటాయి.

గాజువాక ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటి బండికే నేను కొత్త మోటారు వేశాను. మూడు రోజులకు డ్రైవరు తిరిగొచ్చి, "తమ్ముడూ, గాలి మళ్లీ అలాగే ఉంది" అన్నాడు. అంతకుముందు ఎర్త్ వైరును మీటరు బీప్‌తో (వైరు తెగకుండా ఉంటే వచ్చే శబ్దంతో) చూసి, బాగుందనుకున్నాను. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు చాలా తక్కువ. మోటారు లాగే కరెంటును ఆ ఒక్క పోగు మోయలేదు. ఆయన డబ్బు వృథా చేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఫ్యాన్ తిరుగుతుండగానే కొలవాలి. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్‌ను మోటారు ఎర్త్ పిన్ను మీద ఉంచండి. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. చాసిస్‌కు కలిసే మైనస్‌నే పట్టుకోండి. రెండింటి మధ్య జాయింటు పట్టుకుంటే లెక్కంతా 12 వోల్టులు తప్పుతుంది. స్పీడు ఫుల్‌లో ఉంచండి, ఎందుకంటే కొన్ని బండ్లలో రెసిస్టెన్స్ ఎర్త్ వైపే ఉంటుంది.

సున్నాకు దగ్గరగా చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు దాటితే ఎర్ర ప్రోబ్‌ను కప్లర్, లగ్గు, చాసిస్ వరుసలో జరుపుతూ పోండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో, దానికి ముందు జాయింటులోనే లోపం.

ఒక లెక్క చూడండి. 8 ఆంపియర్లు పారే జాయింటులో అర ఓమ్ అడ్డు ఉంటే 4 వోల్టులు అక్కడే పోతాయి. ఆ చిన్న జాగాలో 32 వాట్ల వేడి పుడుతుంది. కప్లర్ ప్లాస్టిక్ కరిగేది ఇలాగే. అలాంటి చోట పెద్ద ఫ్యూజ్ వేస్తే బండికి నిప్పు పెట్టినట్టే, ఎవరు చెప్పినా వేయకండి. పెయింటు, తుప్పు గీకి, మెరిసే ఇనుము మీద కొత్త లగ్గు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మొత్తం బరువు 3.5 టన్నులు దాటే సరుకు లారీలకు కేబిన్ ఏసీ తప్పనిసరి అయింది. ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఇంకా పెరుగుతుంది. చాలా బండ్లలో ఏసీకీ హీటరుకీ బ్లోయర్ ఒక్కటే. చలికాలం రాత్రి అరకు ఘాట్‌లో అద్దం మీద మంచు పడితే దాన్ని పోగొట్టేదీ అదే.

వచ్చే పాఠానికి ముందు, బాగా పనిచేసే రెండు బండ్లలో ఎర్త్ వోల్టులు కొలిచి రాసుకోండి. వాటితో పోల్చుతూ ప్లస్ వైపు కొలత నేర్చుకుందాం.