వైట్ మౌంటెన్ అడవిలో చెట్ల హద్దు దాటే నడకకు సిద్ధం కావడం ఎలా?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో విస్తరించిన వైట్ మౌంటెన్ నేషనల్ ఫారెస్ట్ 1918లో ఏర్పడింది. ఇందులోని అత్యున్నత శిఖరం మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 6,288 అడుగులే కావడంతో, కొలరాడో కొండలు చూసివచ్చినవారు దీన్ని తేలిగ్గా తీసుకుంటుంటారు. కానీ అక్కడ పదకొండు వేల అడుగుల దాకా కనిపించే చెట్లు ఇక్కడ ఐదు వేల అడుగులలోపే ఆగిపోతాయి. చెట్లు ఆగే ఆ చోటే చెట్ల హద్దు. ఆపైన గాలికి అడ్డేమీ ఉండదు. మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్ 12న గాలి గంటకు 231 మైళ్ల వేగంతో వీచినట్లు నమోదైంది. అందువల్ల నడక ఎంత దూరమన్నదాని కంటే, అందులో ఎంతసేపు చెట్ల అడ్డు లేకుండా ఉండవలసి వస్తుందన్నదే ముందుగా తేల్చుకోవాలి.

ఈ అడవిలోని ఫ్రాంకోనియా రిడ్జ్ అనే శిఖరాల వరుస చుట్టుబాటనే తీసుకుందాం. దూరం సుమారు 9 మైళ్లు, ఎక్కవలసిన ఎత్తు దాదాపు 3,900 అడుగులు. మైలుకు అరగంట, ప్రతి వెయ్యి అడుగుల ఎక్కుడుకు మరో అరగంట చొప్పున లెక్కిస్తే, విరామాలు కాకుండానే ఆరున్నర గంటలు పడుతుంది. ఫాలింగ్ వాటర్స్ ట్రెయిల్ మీదుగా ఎక్కి, ఓల్డ్ బ్రైడిల్ పాత్ మీదుగా దిగడం మేలు. జలపాతాల పక్కనున్న తడి రాళ్ల మీద ఎక్కడం కష్టమే గానీ, దిగడం అంతకన్నా ప్రమాదకరం. లిటిల్ హేస్టాక్ శిఖరం నుంచి లింకన్ శిఖరం మీదుగా లఫాయెట్ శిఖరం దాకా సుమారు 1.7 మైళ్లు ఎక్కడా చెట్టు చాటన్నది లేదు. బయలుదేరే ఉదయమే మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ ఎత్తైన శిఖరాల కోసం ప్రత్యేకంగా ఇచ్చే వాతావరణ సూచన చదవండి. కింది పట్టణం సూచనను నమ్ముకోవద్దు.

ఎంత ఎత్తుకు వచ్చారో అడవే చెబుతుంది. కింద మేపుల్, బీచ్, పసుపు బర్చ్ చెట్లుంటాయి; పైకి వెళ్లేకొద్దీ అవి తగ్గి స్ప్రూస్, ఫర్ చెట్లు వస్తాయి. ఆ ఫర్ చెట్లు గాలికి వంకరలు తిరిగి మనిషి ఎత్తుకు కుదించుకుపోయిన చోటే ఆగి, చెమటకు తడిసిన చొక్కా మార్చుకుని, ఉన్ని టోపీ, గాలినీ వాననూ ఆపే కోటు వేసుకోవాలి. శిఖరాల వరుస మీదికి వచ్చాక గాలిలో కోటు తొడుక్కోవడమే ఒక పరీక్ష. జూలైలోనూ ఇది వర్తిస్తుంది.

పైన దారి రాళ్ల మీది రంగు గుర్తులు, పేర్చిన రాతిగుట్టల ఆధారంగా సాగుతుంది. ఈ శిఖరాల మీదుగా సాగే సుదూర నడకబాట అపలాచియన్ ట్రెయిల్ గుర్తు తెలుపు రంగులో ఉంటుంది. పొగమంచులో తర్వాతి గుట్ట కనబడకపోతే, వెనక్కి తిరగాలి. బాట విడిచి అడుగు వేయవద్దు. ఈ పర్వతాల్లో తప్ప మరెక్కడా పెరగని రాబిన్స్ సింక్‌ఫాయిల్ అనే చిన్న పసుపు పూల మొక్క, ప్రధానంగా తొక్కుడు వల్ల అంతరించే దశకు చేరింది. ట్రెయిల్ దారి మళ్లించడం, మొక్కలు తిరిగి నాటడం ఫలించి 2002లో అది ఆపదలో ఉన్న జాతుల జాబితా నుంచి బయటపడింది.

నల్ల ఎలుగుబంట్లు ఎక్కువగా ఆహారం వాసనకే వస్తాయి. రాత్రి బస చేసేవారు ఆహారానికి ఎలుగుబంటి తెరవలేని గట్టి మూత గల డబ్బా వాడాలి. బూడిదరంగు కెనడా జే పక్షులు చేతిలోని రొట్టె కోసం వాలినా పెట్టకండి. అసలు భయపడవలసింది తిరుగు ప్రయాణంలో, కారులో: సంధ్యవేళ ఈ అడవి గుండా సాగే కంకమాగస్ హైవే మీదికి వచ్చే మూస్ (దుప్పి జాతిలోని భారీ జంతువు) ముదురు గోధుమ రంగులో, పొడవాటి కాళ్లతో ఉండటం వల్ల హెడ్‌లైట్ల వెలుగులో ఆలస్యంగా కనిపిస్తుంది. వేగం తగ్గించి నడపాలి.