వానాకాలం ఇంట్లో పురుగులా? ముందు తడి ఎక్కడుందో పట్టుకోండి

నాలుగు రోజులు ముసురు పడితే చాలు, పుస్తకాల మధ్య, బాత్రూమ్ మూలల్లో, అల్మరా వెనక ఏదో ఒకటి పాకుతూ కనిపిస్తుంది. స్ప్రే కొడితే రెండు రోజులు తగ్గి మళ్ళీ మొదలవుతుంది. పురుగు చచ్చినా దాన్ని రప్పించిన చెమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. పైగా ఒక్కో పురుగుకు ఒక్కో రకం తడి కావాలి. ఏది ఎక్కడ కనిపించిందో జాగ్రత్తగా చూస్తే, నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో సగం తెలిసిపోతుంది.

అంతకన్నా ముందు చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. గాలిలో తేమ శాతం చూపించే మీటరు ఇది. ఒంటికి ఉక్కపోత తెలుస్తుంది గానీ 60 శాతానికీ 75 శాతానికీ తేడా తెలియదు. పురుగుల సంగతి తేలేది సరిగ్గా ఆ రెండు అంకెల మధ్యే. మీటరు నిజం చెబుతోందా అని అనుమానముంటే, ఒక సీసా మూతలో వంట ఉప్పు పోసి, ఇసుక ముద్దలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్ళు కలపండి. ఆ మూతనూ మీటరునూ గాలి చొరబడని కవర్లో పెట్టి ఒక రాత్రి వదిలేయండి. తడి ఉప్పు తన చుట్టూ ఉన్న గాలిని 75 శాతం దగ్గర నిలబెడుతుంది. మీటరు 70 చూపిస్తే 5 తక్కువ చూపిస్తోందని అర్థం, ఆ 5 ఎప్పుడూ కలుపుకుని చదవండి.

ఇంట్లో అందుకోవాల్సిన అంకె 50కి అటూ ఇటూ. 60 దాటకుండా ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే.

పుస్తకం తెరిస్తే నలకలు పరుగెడుతున్నాయి

పిన్ను తలకన్నా చిన్నవి, లేత గోధుమరంగులో, పేజీ మీద కాసేపు పరుగెత్తి ఆగుతాయి. దుమ్మేమో అనుకుని ఊదితే కదులుతాయి. వీటిని బుక్‌లైస్ అంటారు. పేరులో పేలు (లైస్) ఉన్నాయని భయపడక్కర్లేదు, ఇవి కుట్టవు. పుస్తకం మీదా గోడ మీదా పట్టే, మన కంటికి ఇంకా కనిపించని బూజును తిని బతుకుతాయి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడల మీద, పిండి డబ్బాల అంచుల్లో కూడా ఇవే ఉంటాయి.

వీటి బలహీనత చెమ్మే. ఇవి నీళ్ళు తాగాల్సిన పని లేకుండా గాలిలోని ఆవిరినే ఒంట్లోకి పీల్చుకుంటాయి. గాలి తేమ 60 శాతం కిందకు దిగితే అలా పీల్చుకోలేక మెల్లగా ఎండిపోతాయి. అందుకే వీటికి మందు కొట్టడం నాకు ఇష్టం ఉండదు, పుస్తకాలకూ మంచిది కాదు. షెల్ఫ్ ఖాళీ చేసి పొడి గుడ్డతో తుడవండి. పుస్తకాలను కిక్కిరిసి పేర్చకుండా మధ్యలో వేలు దూరేంత సందు వదలండి. షెల్ఫును గోడనుంచి నాలుగు వేళ్ళ దూరం జరిపి, ఆ గదిలో తేమను 50 దగ్గర రెండు మూడు వారాలు నిలబెట్టండి. ఒక్క రోజు తగ్గించి వదిలేస్తే గుడ్లనుంచి వచ్చే పిల్లలకు మళ్ళీ చెమ్మ దొరుకుతుంది.

గాలి ఆడాలని కిటికీలు తెరిచాను, తేమ ఇంకా పెరిగింది

మంచి ఉద్దేశంతోనే చాలామంది చేసే పొరపాటు ఇది. లెక్క చూడండి. బయట వాన పడుతోంది, 24 డిగ్రీలు, తేమ 95 శాతం. ఆ గాలి ఒక ఘనపు మీటరులో దాదాపు 20 గ్రాముల ఆవిరి ఉంటుంది. మీ గదిలో 30 డిగ్రీలు, 60 శాతం. అక్కడ ఉన్నది 18 గ్రాములే. కిటికీ తెరిస్తే చల్లగాలితో పాటు ఎక్కువ నీళ్ళను లోపలికి పిలిచినట్టే. చల్లగాలి తక్కువ ఆవిరినే పట్టుకోగలదు కాబట్టి, గది కాస్త చల్లబడగానే శాతం 80 దాటుతుంది.

కాబట్టి వాన పడుతున్నంతసేపూ, తెల్లవారుజామునా మూసి ఉంచండి. వాన వెలిసి ఎండ పొడ వచ్చిన మధ్యాహ్నం ఎదురెదురు కిటికీలు తెరవండి. మీటరును ఒకసారి బయట, ఒకసారి లోపల పెట్టి చూస్తే ఎప్పుడు తెరవాలో దానంతట అదే తెలుస్తుంది. ఉష్ణోగ్రతలు దగ్గరగా ఉంటేనే శాతాలను నేరుగా పోల్చాలన్నది మాత్రం మరచిపోవద్దు.

ఇక లోపల పుట్టే తేమ. వంటావిరి, వేడినీళ్ళ స్నానం సంగతి అందరికీ తెలుసు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాం. స్నానం అయ్యాక కూడా పావుగంట తిరగనివ్వండి. అసలు దొంగ మాత్రం గదిలో ఆరేసిన బట్టలు. మెషీన్లోంచి తీసిన బట్టలను బకెట్‌తో సహా తూచి, ఆరాక మళ్ళీ తూచండి. తగ్గిన బరువంతా మీ గదిలోకి ఆవిరైపోయిన నీళ్ళే. ఇంట్లో ఆరేయక తప్పకపోతే ఒకే గదిలో ఆరేసి, తలుపు మూసి, ఎగ్జాస్ట్ గానీ డీహ్యుమిడిఫైయర్ (గాలిలోని తేమను లాగి ట్యాంకులో పట్టే యంత్రం) గానీ ఆ ఒక్క గదిలోనే నడపండి.

అల్మరా వెనక నల్లమచ్చలు, లోపల వెండిరంగు పురుగులు

చేప ఆకారంలో, వెండిలా మెరుస్తూ, లైటు వేయగానే సర్రున సందులోకి జారిపోయేది సిల్వర్‌ఫిష్. గంజి పెట్టిన బట్టలు, కాగితం, పుస్తకాల అట్టల జిగురు దీని తిండి. తేమ 75 దాటిన చోట హాయిగా పెరుగుతుంది. ఇది ఉందంటే ఆ గోడ తడిగా ఉందా అని చూడాలి.

తడి గోడ లోపలినుంచి వస్తోందా, గదిలోని గాలినుంచి పడుతోందా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు. మచ్చ ఉన్న చోట గోడను గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. ఫాయిల్ పైన, అంటే గదివైపు నీటి చుక్కలుంటే గాలిలోని ఆవిరి చల్లని గోడకు పట్టి నీరవుతోంది. ఫాయిల్ ఊడదీస్తే వెనకవైపు తడిగా ఉంటే నీళ్ళు గోడలోనే ఉన్నాయి. పైపు లీకు కావచ్చు, బయటి గోడ పగులు కావచ్చు, పునాదినుంచి పైకి పాకే చెమ్మ కావచ్చు. అక్కడ డీహ్యుమిడిఫైయర్ ఎంత నడిపినా కరెంటు దండగే, మేస్త్రీనో ప్లంబర్‌నో పిలవాల్సిందే. లీకు ఆపకుండా పైన పెయింట్ వేస్తే ఆర్నెల్లలో పొరలుగా లేస్తుంది.

గదివైపు చుక్కలున్నాయంటే ఆ గోడకు అవతల ఏసీ గది ఉందేమో చూడండి. ఇవతల గాలి 29 డిగ్రీలు, 75 శాతం ఉంటే, 24 డిగ్రీలకు చల్లబడిన ఏ గోడ మీదైనా నీరు పడుతుంది. ఏసీని 20లో కాకుండా 26లో పెడితే సగం సమస్య పోతుంది. మిగతాది అల్మరాను గోడకు ఎడంగా జరిపితే తీరుతుంది.

నల్లబూజును పొడిగా దులపకండి, గాలిలోకి లేస్తుంది. మాస్కు కట్టుకుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. బ్లీచ్ వాడేట్టయితే టాయిలెట్ క్లీనర్ లాంటి యాసిడ్లతో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

అల్మరాలో గిన్నెతో ఉప్పు పెట్టమని చెబుతుంటారు. ఇందాకటి పరీక్షే దీనికి జవాబు. తేమ 75 దాటితే గానీ ఉప్పు నీళ్ళు పీల్చదు, మనకు కావలసింది 50. సిలికా జెల్ (కొత్త చెప్పుల పెట్టెల్లో చిన్న పొట్లాల్లో వచ్చే, తేమ పీల్చే గింజలు) పనిచేస్తుంది గానీ మూత బిగిసే పెట్టెల్లోనే. గదికి అది ఏ మూలకూ సరిపోదు.

బాత్రూమ్ గోడ మీద నూగు రెక్కల చిన్న ఈగలు

వీటిని డ్రెయిన్ ఫ్లైస్ అంటారు. గాలి తేమకన్నా జాలీ కింద పైపు గోడలకు పేరుకున్న జిగట వీటికి ముఖ్యం, గుడ్లు పెట్టేది అందులోనే. రాత్రి పడుకునే ముందు జాలీ మీద జిగురు వైపు కిందకు ఉండేలా టేపు అంటించండి. గాలి పోవడానికి కాస్త సందు వదలండి. పొద్దునకు టేపుకు ఈగలు అతుక్కుంటే చోటు దొరికినట్టే. పొడవాటి బ్రష్‌తో ఆ జిగటను గీకి తీసేయాలి. వేడినీళ్ళు ఒక్కటే పోస్తే పైపొర మీదుగా జారిపోతాయి. వాడని బాత్రూమ్ ఉంటే వారానికోసారి జాలీలో చెంబెడు నీళ్ళు పోయండి, ట్రాప్‌లో (జాలీ కింద నీళ్ళు నిలిచే వంపులో) నీళ్ళు ఎండితే బొద్దింకలకు నేరుగా దారి దొరుకుతుంది.

రోకలిబండలు, చీమలు

బయట నేల నీటితో నిండిపోయి పైకి వచ్చినవి ఇవి. రోకలిబండ పొడి గదిలో ఒకటి రెండు రోజుల కన్నా బతకదు. గుమ్మం కింద సందు మూసి, గోడ పక్కన కుళ్ళిన ఆకులు తీసేస్తే చాలు. చీమలకు తేమ తగ్గించి లాభం లేదు, దారి మూయాలి.

గింజల్లో ముక్కు పురుగులు

గుడ్లు గింజ లోపలే ఉంటాయి కాబట్టి మూత ఎంత బిగించినా బయటికొస్తాయి. కొత్తగా తెచ్చిన గింజలను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. తీశాక వెంటనే కవర్ విప్పకండి. చల్లటి గింజల మీద గాలిలోని ఆవిరి నీరై పడుతుంది, బూజుకు అది చాలు. గది వేడికి వచ్చాకే విప్పి డబ్బాలో పోయండి.

గోడ మీద మట్టి గీత

పెన్సిల్ మందాన మట్టి గొట్టం గోడ వెంట పైకి పోతుంటే అది చెద. తేమను నేలనుంచి తనతో మోసుకొస్తుంది గనుక గది గాలి పొడిగా ఉన్నా ఆగదు. గొట్టాన్ని దులిపేసి ఊరుకుంటే మరో దారిన కడుతుంది. చెదమందు వేసేవాళ్ళకు ఆ గొట్టం చూపించండి. లీకులు సరిచేయడం, చెక్క నేలకు తగలకుండా చూడడం మాత్రం మన చేతిలో పనే.

ఏసీ నడుస్తూనే ఉంది, తేమ 70 దగ్గరే ఉంది

గదికి ఏసీ పెద్దదైతే త్వరగా చల్లబరిచి కంప్రెసర్ ఆగిపోతుంది, ఆవిరిని లాగేంత సమయం దొరకదు. అప్పుడు కూడా ఫ్యాన్ తిరుగుతూ ఉంటే కాయిల్ (ఏసీ లోపల చల్లబడే గొట్టాలు) మీది నీళ్ళు మళ్ళీ గదిలోకే ఆవిరవుతాయి. డ్రై మోడ్ పెట్టండి, ఫ్యాన్ స్పీడు తగ్గించండి. అప్పటికీ దిగకపోతే డీహ్యుమిడిఫైయర్ తప్పదు. అది నడిచేటప్పుడు కిటికీలు మూసి ఉండాలి, ట్యాంకు నిండితే ఆగిపోతుంది కాబట్టి చూసి ఖాళీ చేయాలి.

పౌడర్ చల్లినా పురుగులు తిరుగుతున్నాయి

డయాటమేషియస్ ఎర్త్ (మెత్తటి మట్టిలాంటి ఖనిజప్పొడి) లాంటి పొడులు పురుగు ఒంటి మీది మైనపు పొరను చెరిపి, లోపలి నీళ్ళు ఆవిరయ్యేలా చేస్తాయి. గాలే తడిగా ఉంటే ఆవిరయ్యేదెక్కడ? తడిసిన పొడిని ఊడ్చేయండి. గదిని 50కి దించాక, సందుల్లో మాత్రమే పలుచగా మళ్ళీ చల్లండి.