కిట్ నుంచి గూడ్స్ వ్యాగన్: నాలుగు చక్రాలూ పట్టాలకు ఆనేలా బిగించడం ఎలా?

చూడమని నా దగ్గరికి తెచ్చే నమూనా వ్యాగన్లలో చాలావాటికి రంగులూ అక్షరాలూ ముచ్చటగా కుదురుతాయి కానీ, పట్టాల మీద పెట్టగానే మూడు చక్రాలే ఆని నాలుగోది గాలిలో ఉంటుంది. రంగు వేశాక ఈ లోపాన్ని సరిదిద్దడం దాదాపు అసాధ్యం. ఇక్కడ చెప్పేది 1:76 నిష్పత్తిలో వచ్చే బ్రిటిష్ నాలుగు చక్రాల ప్లాస్టిక్ కిట్ గురించి. ఆ నిష్పత్తిలో మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ 22 మిల్లీమీటర్లు కావాలి, కిట్ నడిచే పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే, మన బండిలా కనబడాలని చక్రాలను దూరం జరపకండి.

పదునైన కత్తి, సన్నని ఆకురాయి, చిన్న మూలమట్టం, కుంచె, పాలీస్టైరీన్‌ను కరిగించి అతికించే పల్చని జిగురు, మందపాటి అద్దం ముక్క ఉంటే చాలు. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఆకురాయి, మూలమట్టం దొరుకుతాయి. అద్దాన్ని గాజు దుకాణంలో కోసి ఇస్తారు.

ముక్కలను విరవకుండా కోసి తీయండి, సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. పక్కగోడలను మూలమట్టానికి ఆనించి వ్యాగన్ అడుగుపలకకు అతికించండి. బరువు కోసం ఒక్కో ఇరుసుకు 25 గ్రాముల లెక్కన ఇనుప వాషర్లు పెట్టి, జిగురు ఆవిరి లోపల చిక్కి గోడలను మెత్తబరచకుండా, పైకప్పు మూసే ముందు ఒక రోజు ఆగండి.

అసలు పని సోల్‌బార్ల దగ్గర, అంటే వ్యాగన్ అడుగున రెండు పక్కలా పొడవునా ఉండి ఇరుసులను పట్టి ఉంచే దూలాల దగ్గర, మొదలవుతుంది. రెండింటినీ ఒకేసారి అతికించకూడదు. నా మొదటి వ్యాగన్‌కు కంటి అంచనాతో అలాగే అతికించాను. అది ప్రతి పాయింటు దగ్గరా, అంటే పట్టాలు రెండు దారులుగా చీలే ప్రతిచోటా, పట్టాలు తప్పేది. ముందు ఒకదాన్ని అతికించి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఇత్తడి బేరింగులు దూర్చి, రెండు ఇరుసులనూ వాటి మధ్య నిలిపి, రెండో సోల్‌బార్‌ను జిగురు లేకుండా ఆనించి, ఊదితే చక్రం తిరుగుతోందో లేదో చూడండి. చక్రాల లోపలి ముఖాల మధ్య 14.5 మిల్లీమీటర్లు ఉండాలి.

అంతా కుదిరాకే జిగురు. వ్యాగన్‌ను అద్దం మీద నిలబెట్టి, సోల్‌బార్ అతుకు అంచున కుంచె కొన తాకిస్తే జిగురు తానే లోపలికి పాకుతుంది. మే నెలలో మన హైదరాబాద్‌లో ఫ్యాను కింద కూర్చుంటే అది కుంచె మీదే ఆరిపోతుంది కాబట్టి, ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, సాయంత్రం పూట చేయండి. వెంటనే నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో నొక్కండి. ఎక్కడైనా అద్దం మీద టక్కుమని చప్పుడైతే ఆ మూల ఎత్తుగా ఉన్నట్టే. జిగురు మెత్తగా ఉండగానే ఆ వైపు సోల్‌బార్‌ను వెంట్రుకవాసి కిందికి జరపండి. క్షణాల్లో బిగుసుకునే సూపర్‌గ్లూను నేను ఈ పనికి ముట్టను, మీరూ ముట్టవద్దు: అది ఈ సవరణకు వ్యవధి ఇవ్వదు. తర్వాత బేరింగు రంధ్రాన్ని ఆకురాయితో పెంచి సరిచేసుకుంటామనేవారి ఇరుసులు కొన్నాళ్లకే వదులై ఊగుతాయి.

రాత్రంతా అద్దం మీదే వదిలేయండి. రంగు, అక్షరాలు, కప్లింగులు మరునాటి పని. అంతకుముందు వ్యాగన్‌ను వెనక్కి నెడుతూ పాయింట్ల మీదుగా పదిసార్లు నడిపించండి, ఎందుకంటే లాగినప్పుడు బయటపడని వంకర నెట్టినప్పుడు బయటపడుతుంది.