బోల్టుల ఎంపిక, నాలుగో పాఠం: ప్రామాణికమా, ప్రత్యేకమా?

మూడో పాఠంలో బోల్టు తల మీది అంకెలను చదవడం నేర్చుకున్నాం. 8.8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్, శాశ్వతంగా సాగడం మొదలయ్యేది అందులో 80 శాతం దగ్గర, అంటే 640. ఇప్పుడు బలం సరిపోయిన బోల్టులు రెండు మీ ముందున్నాయనుకోండి. ఒకటి ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎవరైనా చేసేది, రెండోది ఒకే తయారీదారు తన సొంత కొలతలతో చేసేది. డ్రాయింగులో దేన్ని రాయాలి?

నేను చూసిన ఒక ప్యాకింగ్ యంత్రం సంగతి చెబుతాను. దాని మీట ఒక మెట్టు బోల్టు మీద తిరుగుతుంది. తల కింద నున్నటి భాగం వ్యాసం 9 మి.మీ., దాని కింద సన్నటి మర. అది అరిగిపోయింది. ఆ కొలత బజారులో లేదు, యంత్రం చేసిన సంస్థ నుంచి రావాలంటే మూడు వారాలు. ఆగలేక ఎవరో మామూలు బోల్టు బిగించారు. మీట భారమంతా మరచుట్ల మీద పడి నాలుగో రోజున విరిగింది. నన్ను ఇప్పటికీ బాధించేది వేరే ఉంది. మెట్టు బోల్టులకు ఐఎస్ఓ 7379 అనే ప్రమాణం ఉంది. అందులో 8 మి.మీ. మెట్టుకు ఎం6 మర (అంటే 6 మి.మీ. వ్యాసం మర), 10 మి.మీ. మెట్టుకు ఎం8 మర. మీట రంధ్రాన్ని ఒక్క మిల్లీమీటరు అటో ఇటో మార్చి ఉంటే సరిపోయేది. ఎంత వెతికినా ఆ 9కి నాకు కారణం దొరకలేదు.

కాబట్టి కొత్త బోల్టు గీసే ముందు ప్రమాణాల పట్టిక తెరవండి. ఆరు పలకల తలకు ఐఎస్ఓ 4014, 4017, లోపల ఆరు పలకల గుంట ఉండే ఆలెన్ తలకు 4762, భారతీయ ప్రమాణాల్లో ఆరు పలకల తలకు ఐఎస్ 1364. అయితే పాత జర్మన్ ప్రమాణం డిన్ 933 ప్రకారం చేసిన ఎం10 బోల్టుకు 17 పానా పడుతుంది, ఐఎస్ఓ 4017 ఎం10కి 16 పడుతుంది. రెండూ ఒకే డబ్బాలో కలిస్తే బిగించే కార్మికుడు ప్రతిసారీ పానా మార్చుకోవాలి. అందుకే "ఎం10 బోల్టు" అని వదిలేయకండి. ప్రమాణం సంఖ్య, పొడవు, బలం తరగతి, పూత తప్పక రాయండి.

మరి ప్రత్యేకమైనది ఎప్పుడు? 1.2 మి.మీ. రేకుతో కరెంటు ప్యానెల్ పెట్టె చేస్తున్నారు, దానికి ఎం4 స్క్రూ పట్టాలి. ఎం4 మర పిచ్, అంటే ఒక మరచుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం, 0.7 మి.మీ., రేకు మందంలో రెండు చుట్లు కూడా పట్టవు. వెనక నట్టు పెడదామంటే లోపలికి చెయ్యి వెళ్లదు. వెల్డింగ్ నట్టు పెడితే జింకు పూత కాలిపోతుంది. ఇక్కడ రేకులోకి నొక్కి కూర్చోబెట్టే క్లించ్ నట్టు నిజంగా అవసరం. నొక్కినప్పుడు రేకు లోహం నట్టు కింది గాడిలోకి జారి దాన్ని పట్టేస్తుంది. రేకు నట్టు కంటే మెత్తగా ఉండాలి. ప్రెస్‌తో నొక్కాలి, సుత్తితో కొట్టకూడదు. రంధ్రం కొలత తయారీదారు కేటలాగులో చెప్పినదే కావాలి, అక్కడ అనుమతించే తేడా సాధారణంగా 0.08 మి.మీ. మాత్రమే, అదీ పెద్ద వైపుకే. పాత డ్రిల్లు బిట్టుతో ఆ పని కాదు.

ఈ నట్లను వ్యాప్తిలోకి తెచ్చింది 1942లో మొదలైన అమెరికా సంస్థ పెన్ ఇంజినీరింగ్. నేడు అదే రకం నట్లు ఎన్నో సంస్థలు చేస్తున్నాయి. నక్షత్రం గుంట ఉన్న టార్క్స్ స్క్రూ కూడా 1967లో ఒక్క సంస్థ సొత్తే, నేడు దానికి ఐఎస్ఓ 10664 ఉంది. అందువల్ల ప్రత్యేకమైనదాన్ని ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగేది ధర కాదు, దీన్ని చేసే రెండో సంస్థ ఉందా అని. లేకపోతే విడి బోల్టుల పొట్లం ఒకటి యంత్రంతోపాటే కొనేవారికి ఇవ్వాలని పట్టుబడతాను.

అభ్యాసం: 1 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు పెట్టె, మూత నెలకోసారి తీయాలి, ఎం5 స్క్రూలు నాలుగు. ఏ నట్టు రాస్తారు, ఎందుకు? రేకు, నట్టు రెండింటిలో ఏది గట్టిదో ముందు తేల్చుకోండి. జవాబు ఐదో పాఠంలో.