చిన్న ఆసుపత్రిలో ఎలక్ట్రానిక్ వైద్య రికార్డులు: కొనే ముందు, కొన్న తరువాత చేయవలసిన పనులు

జిల్లా కేంద్రాల్లోనూ, రెవెన్యూ డివిజన్ పట్టణాల్లోనూ ముప్పై నుంచి వంద పడకలతో నడిచే ప్రైవేటు ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇలాంటి ఆసుపత్రులకు కంప్యూటర్ కొత్త కాదు. బిల్లింగ్ కౌంటర్‌లో, ఫార్మసీలో, ల్యాబులో అది ఎప్పటి నుంచో ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి నెట్‌వర్క్ ఆసుపత్రుల సిబ్బందికి ముందస్తు అనుమతుల కోసం రిపోర్టులు, ఫొటోలు ఆన్‌లైన్‌లో ఎక్కించడం కూడా అలవాటైంది. కంప్యూటర్ ఇంకా సరిగా చేరనిది డాక్టరు గదికి, వార్డులోని కేస్ షీటుకు. రోగి చెప్పుకున్న బాధ, డాక్టరు గమనించిన లక్షణం, రాసిన మందు, నర్సు ఇంజెక్షన్ ఇచ్చిన వేళ ఇప్పటికీ కాగితం మీదే ఉంటాయి. వీటిని కూడా కంప్యూటర్‌లోకి తేవాలని లక్షలు ఖర్చు పెట్టి, ఆరు నెలలు తిరగకుండానే మళ్లీ కాగితానికి వచ్చేసిన చోట్ల సాధారణంగా కనిపించే లోపం ఒక్కటే: ఏ సమాచారాన్ని ఎవరు, ఎక్కడ కూర్చుని, ఏ సమయంలో ఎక్కించాలో తేల్చుకోకముందే సాఫ్ట్‌వేర్ కొనేయడం.

అందువల్ల మొదటి పని ఏ కంపెనీనీ పిలవకుండా చేయవలసినది. ఒక ఓపీ రోగి, ఒక ఇన్‌పేషెంట్ మీ ఆసుపత్రిలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నారో వారి వెంట నడిచి రాసుకోండి. రిసెప్షన్‌లో పేరు చెప్పడం, ఓపీ చీటీ తీసుకోవడం, నర్సు బీపీ, బరువు చూడడం, డాక్టరు పరీక్ష, ల్యాబు, రిపోర్టుతో మళ్లీ డాక్టరు దగ్గరకు రావడం, ఫార్మసీ: ప్రతి చోటా ఎవరు రాస్తున్నారు, ఎందులో రాస్తున్నారు, రాసినదాన్ని తరువాత ఎవరు చదువుతున్నారు అనే మూడు ప్రశ్నలకు జవాబులు నమోదు చేయండి. ఒకే పేరు, ఒకే వయసు నాలుగైదు చోట్ల విడివిడిగా రాస్తున్న సంగతి, ఎవరూ తెరిచి చూడని రిజిస్టర్లు ఏళ్ల తరబడి నిండుతున్న సంగతి అప్పుడే బయటపడతాయి. ఎవరూ చదవని రిజిస్టరును కంప్యూటర్‌లోకి మార్చవద్దు, ఆపేయండి. అయితే చట్టం అడిగేవాటి జోలికి మాత్రం వెళ్లవద్దు. మెడికో లీగల్ కేసుల (పోలీసు, కోర్టులతో ముడిపడే కేసుల) రిజిస్టరు, జనన మరణాల నమోదు, గర్భిణుల స్కానింగ్‌కు సంబంధించిన ఫారం ఎఫ్ వంటివి సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకపోయినా నడవవలసినవే.

డాక్టరు ఎంత టైపు చేయాలి?

మొత్తం ప్రయత్నం నిలిచేదీ, కూలేదీ ఈ ప్రశ్న దగ్గరే. అమెరికాలో ప్రభుత్వం 2009లో హైటెక్ చట్టం ద్వారా పెద్ద ఎత్తున ప్రోత్సాహకాలు ఇచ్చి ఎలక్ట్రానిక్ రికార్డులను వ్యాప్తి చేసింది. ఆ తరువాత 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, అక్కడి డాక్టర్లు రోగితో నేరుగా గడిపే ప్రతి గంటకూ కంప్యూటర్ మీద, బల్ల పని మీద మరో రెండు గంటల దాకా వెచ్చిస్తున్నారని తేలింది. మన ఓపీలో ఒక్కో రోగికి దొరికే సమయమే కొద్ది నిమిషాలు. అందులో ఒక నిమిషం మెనూలు వెతకడానికి పోతే, మధ్యాహ్నానికల్లా వరండాలో కుర్చీలు చాలవు. డాక్టరు విసుగుతో మౌస్ పక్కకు నెట్టి ప్యాడ్ అందుకుంటే ఆయనను తప్పు పట్టలేము.

కాబట్టి మొదటి ఆరు నెలలు డాక్టరు చేత వీలైనంత తక్కువ టైపు చేయించండి. బీపీ, నాడి, బరువు, ఉష్ణోగ్రత, రోగి వచ్చిన కారణం, ఇదివరకే వాడుతున్న మందులు, ఏ మందు పడదో అనే వివరాలు నర్సు ముందుగానే ఎక్కించాలి. డాక్టరు తెర మీద ఎంచుకోవలసినవి రెండే: రోగ నిర్ధారణ, మందుల చీటీ. మిగతా పరిశీలన చేతితో రాసినా ఫరవాలేదు, ఆ కాగితాన్ని స్కాన్ చేసి అదే రికార్డుకు జతపరచవచ్చు. సగం కాగితం, సగం కంప్యూటర్ అని దీనిని చిన్నచూపు చూసేవారు ఉంటారు. కానీ మందుల చీటీ ఒక్కటి కంప్యూటర్ నుంచి వచ్చినా లాభం వెంటనే కనబడుతుంది. ఫార్మసీ వాళ్లు చేతిరాత పట్టుకుని డాక్టరు గదికి పరిగెత్తరు, రోగి మళ్లీ వచ్చినప్పుడు పోయినసారి ఏమి ఇచ్చారో ఒక్క చూపులో తెలుస్తుంది, జనరిక్ పేరుతో, చదవగలిగేలా రాయాలని వైద్య మండలి 2016లో సవరించిన నిబంధన కూడా నెరవేరుతుంది.

చీటీ వేగంగా రావాలంటే ప్రతి డాక్టరుకూ తాను తరచుగా రాసే మందుల కట్టలు ముందే సిద్ధం చేసి పెట్టాలి. ఒక ఫిజీషియన్ మధుమేహ రోగికి మామూలుగా రాసే నాలుగు మందులు ఒక్క నొక్కుతో వచ్చి, మోతాదు మాత్రం మార్చుకునే వీలుండాలి. ఈ కట్టలు సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి తయారుచేసేవి కావు. ఆ డాక్టరు గత నెలలో రాసిన చీటీలు ముందు పెట్టుకుని, ఆయనతోనే కూర్చుని తయారుచేయాలి. దీనికి పట్టే రెండు మూడు సాయంత్రాలను దండగ అనుకున్న చోట మిగిలిన ఖర్చంతా దండగ అయిన సందర్భాలున్నాయి. హెచ్చరికల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రతి చిన్న మందుకూ ఎర్ర పెట్టె తెరుచుకుంటే నాలుగో రోజు నుంచి ఎవరూ చదవకుండానే మూసేస్తారు, నిజంగా ప్రాణం మీదికి తెచ్చే హెచ్చరిక కూడా ఆ వరుసలోనే పోతుంది. అలర్జీ, గర్భం, పిల్లల మోతాదు వంటి కొద్దిపాటి హెచ్చరికలు ఉంచి మిగతావి ఆపించండి.

డెమోలో ఏమి అడగాలి?

కంపెనీ వాళ్లు తెచ్చే డెమోలో రోగికి ఎప్పుడూ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఉంటాయి. మీరు మీ రికార్డు గది నుంచి పది పాత కేస్ షీట్లు తీసి, వివరాలు మార్చి, వాటిని వాళ్ల ముందే ఎక్కించమనండి. అందులో రాత్రి రెండింటికి 108లో వచ్చిన, పేరు తెలియని, స్పృహ లేని రోగి ఒకరు ఉండాలి. ఇంకా పేరు పెట్టని కవల శిశువులు ఉండాలి: ఇద్దరూ ‘బేబీ ఆఫ్’ తల్లి పేరుతోనే ఉన్నప్పుడు, ఒకరికి చేసిన రక్తపరీక్ష ఫలితం రెండో శిశువు రికార్డులోకి వెళ్లకుండా సాఫ్ట్‌వేర్ ఏ ఏర్పాటు చేస్తుందో చూపించమనండి. బరువును బట్టి సిరప్ మోతాదు లెక్కించవలసిన పసిబిడ్డ, ఓపీకి వచ్చి అప్పటికప్పుడు అడ్మిట్ అయిన రోగి, సగం డబ్బు కట్టి, సగం ఆరోగ్యశ్రీ వంటి పథకంలోకి మారిన రోగి, డాక్టరు సలహాకు విరుద్ధంగా ఇంటికి వెళ్లిపోయిన రోగి కూడా ఉండాలి. ఈ పదింటినీ తడబడకుండా ఎక్కించగలిగిన సాఫ్ట్‌వేర్, తెర రంగులు బాగోకపోయినా, పనికి వస్తుంది.

ప్రమాణాల గురించి కూడా అడగండి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను 2013లో ప్రకటించి 2016లో సవరించింది. రోగాలకు, లక్షణాలకు వాడే స్నోమెడ్ సీటీ కోడ్‌లను మన దేశంలో ఉచితంగా వాడుకోవచ్చు. ల్యాబు పరీక్షలకు లోయింక్, స్కానింగ్ చిత్రాలకు డైకామ్ ఉన్నాయి. ఈ పేర్లన్నీ మీరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఒప్పందంలో ఒక్క వాక్యం మాత్రం తప్పక రాయించుకోండి: ఎప్పుడు అడిగినా మా రోగుల రికార్డులన్నీ, స్కాన్లతో సహా, మరొక సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో అదనపు రుసుము లేకుండా ఇవ్వాలి. ఈ వాక్యం లేని ఒప్పందం మీద సంతకం చేసినవారు ఆ తరువాత ఏటా ధర పెరిగినా మారలేక కడుతూనే ఉంటారు. బాహ్మ్‌నీ, ఓపెన్ ఎంఆర్ఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా మంచివే. ఉచితం అయ్యేది లైసెన్సు మాత్రమేనని, దానిని నిలబెట్టి నడిపే మనిషికి జీతం ఇవ్వాలని ముందే లెక్క వేసుకోండి.

ఒకే మనిషికి మూడు రికార్డులు

మన ప్రాంతంలో ఈ చిక్కు ఎక్కువ. లక్ష్మి అనే పేరును రిసెప్షన్‌లోని ఒక అమ్మాయి ఇంగ్లిషులో ఒక రకంగా, సాయంత్రం షిఫ్టు అబ్బాయి మరో రకంగా కొడతారు. ఇంటిపేరు ఒకసారి ముందు వస్తుంది, ఒకసారి పొడి అక్షరంగా మిగులుతుంది, ఒకసారి అసలు రాదు. పెద్దవయసు వారు చెప్పే వయసు ‘అరవై ఉంటాయేమో’ అనే స్థాయిలో ఉంటుంది. ఫోన్ నంబరు చూస్తే కొడుకుది, అదే నంబరు మీద అత్త, మామ, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఫలితంగా ఒకే లక్ష్మమ్మకు మూడు రికార్డులు ఏర్పడి, పెన్సిలిన్ పడదని రాసిన రికార్డు ఒకటైతే, ఈ రోజు డాక్టరు ముందు తెరుచుకున్నది మరొకటి అవుతుంది.

కొత్త రికార్డు తెరిచే ముందు ఫోన్ నంబరుతో, ఊరి పేరుతో, తండ్రి లేదా భర్త పేరుతో వెతకడం తప్పనిసరి చేయండి. ఆ నంబరు మీద ఉన్న కుటుంబ సభ్యులందరి జాబితా తెర మీద కనిపించాలి. వారానికి ఒకసారి ఒక బాధ్యత గల ఉద్యోగి అనుమానాస్పద జంటలను పరిశీలించి, రోగితో నిర్ధారించుకున్న తరువాతే కలపాలి. తొందరపడి ఇద్దరు వేర్వేరు మనుషుల రికార్డులు కలిపేయడం, విడిగా ఉంచడం కన్నా ప్రమాదకరం. 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య, అంటే ఆభా నంబరు, ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెడితే రోగి తన ఫోన్‌తో స్కాన్ చేసి పేరు, వయసు నేరుగా పంపవచ్చు, టైపింగ్ తప్పులు తగ్గుతాయి. అయితే ఆభా స్వచ్ఛందమైనది. అది లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపకూడదు.

కరెంటు, నెట్, తాళాలు

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు ఓపీ నమోదు నుంచి ల్యాబు రిపోర్టుల దాకా కొన్ని రోజుల పాటు చేతిరాతతోనే నడిపారు. దేశంలోని ప్రముఖ ఆసుపత్రికే ఆ అవస్థ వచ్చినప్పుడు మనం ముందే సిద్ధపడడం మంచిది. ప్రతి వార్డులోనూ అత్యవసర కాగితపు ఫారాల కట్ట ఒకటి ఉంచండి. ఐసీయూ రోగుల మందుల పట్టికను పూటకోసారి ప్రింటు తీసే ఏర్పాటు చేయండి. బ్యాకప్ ఒకటి ఆసుపత్రి బయట, నెట్‌వర్కుకు తగలకుండా ఉండాలి. బ్యాకప్ తీస్తున్నామని చెప్పే చోట చాలామంది దానిని వెనక్కి తెరిచి చూడరు. నెలకోసారి వేరే కంప్యూటర్ మీద దానిని తెరిచి, ఇద్దరు ముగ్గురు రోగుల రికార్డులు సరిగా వచ్చాయో లేదో చూడండి.

గోప్యత విషయంలో బయటివాళ్ల కన్నా ముందు గమనించవలసినది నర్సుల బల్ల. ఒకే లాగిన్‌తో మూడు షిఫ్టులూ నడిపేయడం, పాస్‌వర్డును మానిటర్ అంచున అంటించడం మామూలుగా కనిపించే దృశ్యాలు. ఇలాగైతే ఏ ఇంజెక్షన్ ఎవరు ఇచ్చారో తరువాత తేల్చలేము. సిబ్బందిని కోప్పడితే ప్రయోజనం లేదు. లాగిన్ కావడానికి నిమిషం పడితే ఎవరైనా అడ్డదారే వెతుకుతారు కనుక, వేలిముద్రతోనో కార్డుతోనో క్షణాల్లో లాగిన్ అయ్యే ఏర్పాటు చేయాలి. రాసినదాన్ని చెరిపేసే వీలు ఎవరికీ ఉండకూడదు. సవరణ చేస్తే పాతది, కొత్తది, చేసినవారి పేరు, వేళ అన్నీ నిలవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. రోగి రిపోర్టులను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే అలవాటును దీనిని గుర్తుపెట్టుకుని మార్చుకోవాలి.

మొదలుపెట్టే రోజు

ఆసుపత్రి మొత్తాన్ని ఒకే రోజున మార్చవద్దు. ల్యాబు రిపోర్టులు డాక్టరు తెర మీద కనిపించేలా చేయడంతో మొదలుపెడితే, టైపు చేయకముందే డాక్టరుకు లాభం కనబడుతుంది. ఆ తరువాత ఉత్సాహం ఉన్న ఒక్క డాక్టరు ఓపీ, అక్కడ కుదురుకున్నాక మిగతా ఓపీలు, చివరికి వార్డులు. వానాకాలంలో డెంగీ, మలేరియా జ్వరాలతో వరండాలు నిండే నెలల్లో ఏ మార్పూ పెట్టుకోవద్దు. శిక్షణను సాయంత్రం హాలులో ప్రసంగంలా కాకుండా డ్యూటీలోనే, ఒక్కొక్కరి పక్కన నిలబడి ఇవ్వాలి. ప్రతి షిఫ్టులోనూ మిగతావారు అడగగలిగిన నర్సు ఒకరు ఉండాలి, ఆ మేరకు ఆమె మీద ఇతర పని తగ్గించాలి. కాగితం, కంప్యూటర్ రెండూ నడిచే కాలానికి ముందే గడువు తేదీ ప్రకటించండి. గడువు లేకపోతే సిబ్బంది రెండుసార్లు రాస్తూ అలసిపోయి, రెండింటిలో తేలికైనదానినే ఉంచుకుంటారు.

పాత కేస్ షీట్లన్నింటినీ స్కాన్ చేయించాలన్న ఆలోచన కూడా ఈ దశలోనే వస్తుంది, దానికి ఒప్పుకోవద్దు. తిరిగి వచ్చిన రోగి కాగితాలు మాత్రమే, ఆయన వచ్చిన రోజున స్కాన్ చేస్తే చాలు. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మెడికో లీగల్ కేసుల కాగితాలను మాత్రం కేసు తేలేదాకా అసలు రూపంలోనే భద్రపరచండి. కంప్యూటర్‌లోని రికార్డును కోర్టుకు ఇవ్వవలసి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. ఆ పత్రం మీద ఎవరు సంతకం చేస్తారో, ఆ నమూనా ఎక్కడ దొరుకుతుందో మీ న్యాయవాదిని అడిగి, సాఫ్ట్‌వేర్ మొదలైన వారంలోనే రికార్డు గది బాధ్యుడి పేర ఉత్తర్వు రాసి పెట్టండి.